వార్తలు రాస్తానంటున్న అమ్మాయి, బీఈడీ అంటున్న నాన్న

బరంపురం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. విద్యార్థులు నడిపే పత్రికకు వార్తలు రాస్తోంది, ఫోన్‌లో ఇంటర్వ్యూలు రికార్డు చేస్తోంది. మొన్న పట్టు నేసేవాళ్ల ఇంటికి వెళ్లి మగ్గం చప్పుడు కూడా రికార్డు చేసుకొచ్చింది. దానితో ఏం లాభమో తెలియదు. పీజీ జర్నలిజమే చేస్తానంటోంది, మేం బీఈడీ చేయమంటున్నాం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఇలాంటి పిల్లను ఏ పేపరు తీసుకుంటుంది? ఆన్‌లైన్‌లో 3 నెలల పాడ్‌కాస్ట్ కోర్సు 45 వేలట, చేర్పించమంటారా? బరంపురమా, విశాఖా, పేపర్ల వాళ్ల స్కూలా, ఏది మంచిది?"

అయ్యా, మీ అమ్మాయి రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనన్నదే మీ అసలు దిగులు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం తల్లిదండ్రులు కూడా ఏటా ఇదే అడుగుతారు. దానికి జవాబు చెబుతాను. ముందు ఆ 45 వేల సంగతి.

కట్టకండి. ఇలాంటి కోర్సు చేసి వచ్చిన పిల్లల్ని చూశాను. మైకు కొంటారు, ముఖచిత్రం, మ్యూజిక్ పెట్టడం నేర్చుకుంటారు. స్నేహితులతో నాలుగు ఎపిసోడ్లు మాట్లాడేసరికి చెప్పడానికి ఏమీ మిగలదు. ఎవరిని అడగాలి, చెప్పింది నిజమో కాదో ఎలా చూసుకోవాలి అన్నది అక్కడ ఎవరూ నేర్పలేదు. రాసిన కాపీ మీద ఎర్ర గీతలు పెట్టే మనిషి లేకుండా రిపోర్టింగ్ రాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలు, కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు ఇవ్వడానికి వీల్లేదు. ఆకాశవాణి వార్తల్నే తిరిగి వినిపించవచ్చు. కాబట్టి రేడియో రిపోర్టర్ అవుతానంటే ప్రధానంగా ఆకాశవాణే దిక్కు. గొంతు ఒక్కటే నమ్ముకుంటే తలుపులు తక్కువ, రాయడం వస్తే ఎక్కువ. ముందు రాత, ఆ తర్వాతే ఆడియో.

ఇక ఆ మగ్గం చప్పుడు. మీరు అది విన్నారా? వినలేదని మీ ఉత్తరమే చెబుతోంది. కన్నకూతురు పనిచేసి తెచ్చినదాన్ని వినకుండానే లాభం లేదని తేల్చేస్తే ఎలాగండీ? పిల్ల భవిష్యత్తు గురించి నాకు ఉత్తరం రాసే తీరిక ఉంది, మూడు నిమిషాలు వినే తీరిక లేదా?

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. మగ్గం మీద కూర్చున్న పెద్దాయన భువనేశ్వర్ నుంచి వచ్చిన రిపోర్టరుకు రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. మీ అమ్మాయితో కష్టసుఖాలు చెప్పుకుంటాడు. మీరు లోపమనుకుంటున్న రెండు భాషలు ఆమెకు అక్కడ పెట్టుబడి.

ఆమెకు ఇది చూపించండి. అమ్మా, మాట్లాడించేటప్పుడు ఫ్యాను ఆపమను. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకో. మాటలు అయ్యాక అర నిమిషం ఊరికే రికార్డు కానివ్వు. కోసి అతికించేటప్పుడు ఆ గది చప్పుడే కావాలి. చీరకు ఎన్ని రోజులు, కూలి ఎంత అని మగ్గం మీద పెద్దాయన్ని అడుగు, అదే ప్రశ్న చీరలు అమ్మే దుకాణంలోనూ అడుగు. అంకెలు కలవకపోతే మళ్లీ వెళ్లు. తర్వాత అదే కథను తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. చదివేవాడు పేజీ వెనక్కి తిప్పుకుంటాడు, రేడియో వినేవాడికి ఆ వీలు లేదు. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు ఒడిశాలో కలిస్తే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, ఈ రోజు తెలుగు పేపర్లు రాస్తున్నది ఆయన అడిగిన తెలుగే.

అండీ, కాలేజీల మాట. బరంపురం యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఉంది, ఇంటి నుంచి వెళ్లి రావచ్చు, ఒడియా పత్రికలతో పరిచయాలూ అవుతాయి. ఢెంకనాల్‌లో కేంద్ర ప్రభుత్వం వాళ్ల జర్నలిజం సంస్థ ఐఐఎంసీ ఉంది, అక్కడ ఇంగ్లిష్, ఒడియా జర్నలిజం నేర్పుతారు. తెలుగు పత్రికలోనే ఉద్యోగం కావాలంటే పేపర్ల వాళ్ల స్కూలు సూటి దారి. శిక్షణలో స్టైపెండ్ ఉంటుంది, బదులుగా కొన్నేళ్లు అక్కడే చేస్తామని ఒప్పందం రాయించుకుంటారు, సంతకం పెట్టే ముందు చదవండి. విశాఖ కూడా మంచిదే, కానీ హాస్టలు ఖర్చు పెట్టి వెళ్లాల్సినంత తేడా నాకు కనిపించదు. నేనైతే బరంపురమే అంటాను. ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాలు అనువాదం వచ్చిన న్యూస్ రీడర్లను రాత పరీక్ష, గొంతు పరీక్ష పెట్టి క్యాజువల్‌గా తీసుకుంటాయి. రెండు భాషలు శుభ్రంగా రాయగలిగితే అక్కడ పనికొస్తాయి.

డబ్బు విషయంలో అబద్ధం చెప్పను. మండల స్థాయి కంట్రిబ్యూటర్‌కు, అంటే ఊళ్లో ఉండి పేపరుకు వార్తలు పంపే విలేకరికి, వచ్చేదానితో ఇల్లు గడవదు. పేపరు ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో ఉద్యోగం దొరికేదాకా రెండు మూడేళ్లు ఇంటి ఆసరా కావాలి. ఆ మాత్రం మీరు ఇవ్వగలరు. బీఈడీ ఎక్కడికీ పోదు, పీజీ తర్వాతైనా చేయవచ్చు. ఆడపిల్ల ఒంటరిగా తిరుగుతుందన్న టెన్షన్ ఉంటే, ఎక్కడికి వెళ్తోందో చెప్పి వెళ్లమనండి, కొత్త చోటికి తోడు తీసుకెళ్లమనండి. వెళ్లొద్దని మాత్రం అనకండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం టీవీ ఆపి, ఆ రికార్డింగు పెట్టమని ఆమెనే అడగండి. ఎక్కడ మాట అర్థం కాలేదో ఒక్కచోటు చెప్పండి. అక్కడ ఆమె మళ్లీ కోసి అతికిస్తుంది.