సెప్టెంబర్ 17 బ్యానర్ మీద ఏం రాయించాలి?

ప్రశ్న: సార్, మాది మలక్‌పేటలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెప్టెంబర్ 17న జెండా ఎగరేద్దామనుకున్నాం. బ్యానర్ మీద ‘విమోచన’ అని రాయాలని కొందరు, ‘విలీనం’ అని కొందరు, ‘సమైక్యత’ అని ఇంకొందరు పట్టుబడుతున్నారు. గుల్బర్గా నుంచి వచ్చిన ఒక ముస్లిం పెద్దాయన మూడో అంతస్తులో ఉంటారు. ఆ రోజు ఆయన కిందికే రారు. సెక్రటరీని కాబట్టి టెన్షనంతా నాకే.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మా నానమ్మ నోట ఈ మూడు పేర్లలో ఒక్కటీ వినలేదు. ‘పోలీస్ యాక్షన్’ అనేది. మాది జనగామ దగ్గరి పల్లె. నిజాం తరఫున ఆయుధాలు పట్టిన రజాకార్లు వస్తున్నారంటే పిల్లల్ని చంకనేసుకొని జొన్నచేలో దాక్కునేదట. యూనియన్ సైన్యం వచ్చాకే భయం లేకుండా పొయ్యి వెలిగించానని చెప్పేది. ఆమెకు అది విమోచనే, అందులో నాకు అనుమానం లేదు. కానీ కమ్యూనిస్టుల సంఘం పంచిన రెండెకరాలను దొర మళ్లీ గుంజుకున్నదీ సైన్యం వచ్చాకే. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది.

నా పక్క క్లాసులో ఉర్దూ చెప్పిన మాస్టారిది బీదర్. ఆయనా ‘పోలీస్ యాక్షన్’ అనే అనేవారు, అంతకుమించి మాట్లాడేవారు కాదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానం మీదికి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ సైనిక చర్యకే ‘పోలీస్ యాక్షన్’ అని పేరు. తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి, సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ ఘోరం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నేను చెప్పిన చరిత్ర పాఠాల్లో దాని ఊసే లేదు. మీ పెద్దాయనది గుల్బర్గా అన్నారు కదా!

అలాగని ముస్లింలంతా నిజాం వైపు ఉన్నారనుకోవద్దు. భారత్‌లో కలవాలని రాసినందుకే ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపారు.

ఇక పేరంటారా, 2022లో ఇదే నగరంలో ఒకే రోజు కేంద్రం పరేడ్ గ్రౌండ్‌లో ‘విమోచన’ జరిపితే, రాష్ట్రం ‘జాతీయ సమైక్యత’ జరిపింది. 2024లో రాష్ట్రమే దాన్ని ‘ప్రజాపాలన’ చేసింది. మీరు ‘1948 సెప్టెంబర్ 17’ అని తేదీ మాత్రమే రాయించండి. అంతకంటే ముందు ఆయన ఇంటికి వెళ్లి కూర్చోండి. ఆ రోజుల గురించి వాళ్లింట్లో ఏం చెప్పుకునేవారో అడగండి. ఆయన చెప్పనంటే బలవంతపెట్టొద్దు.

ఉర్దూ మాస్టారూ నేనూ ఏళ్ల తరబడి కలిసి టిఫిన్ డబ్బా విప్పుకున్నాం. వాళ్ల నాన్న ఆ సెప్టెంబర్‌లో ఇంటికి తిరిగి రాలేదన్న సంగతి మాస్టారు పోయాక, వాళ్లబ్బాయి చెబితే తెలిసింది. నేను ఒక్కసారైనా అడగలేదమ్మా.