గోల్ రాని రోజుల్లో ఫార్వర్డ్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌ల గురించే, అంటే ముందు వరసలో ఉండి గోల్ కొట్టాల్సినవాళ్ల గురించి. డిఫెండర్ల నుంచి ఒక్కటీ రాలేదు. వాళ్లకి బెంగలు లేక కాదు, ఎవరూ అడగరని అలవాటైపోయి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, సెంటర్ ఫార్వర్డ్. ఒళ్లు చాలదని అకాడమీ వాళ్లు ఈ ఏడాది తీసేశారు. గదిలోంచి బయటికి రావట్లేదు. వాడి ఫుట్‌బాల్ ఇంతటితో సరా? – ఒక తండ్రి

లేదండీ. ఇంగ్లండ్ ఫార్వర్డ్ జేమీ వార్డీని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ కూడా సరిగ్గా ఈ వయసులోనే, చిన్నగా ఉన్నాడని వదిలేసింది. ఆ తర్వాత అతను స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న జట్టుకి వారానికి 30 పౌండ్లకి ఆడాడు, పొట్టకూటికి ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2012లో లెస్టర్ సిటీ పది లక్షల పౌండ్లు పెట్టి తీసుకునేసరికి పాతికేళ్లు వచ్చేశాయి. 2015లో ప్రీమియర్ లీగ్‌లో వరసగా 11 మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు, ఆ సీజన్ టైటిల్ లెస్టర్‌దే. హ్యారీ కేన్ సంగతీ ఇంతే. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఆర్సెనల్ వద్దంది, టాటెనమ్ నాలుగు క్లబ్బులకి లోన్ మీద (కొన్నాళ్లు అరువుగా) తిప్పింది, చివరికి అదే టాటెనమ్‌కి 280 గోల్స్ కొట్టాడు.

అయితే ఈ కథలు వాడికి చెప్పి ఊరుకోకండి. పైకొచ్చారు కాబట్టే వీళ్ల పేర్లు మనకి తెలుసు, రాని వాళ్ల లెక్క ఎవరూ రాయరు. అకాడమీకి వెళ్లి, ఒళ్లు ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అని నేరుగా అడగండి. పేరున్న క్లబ్బులో బెంచీ మీద కూర్చునే కన్నా ప్రతి వారం తొంభై నిమిషాలూ ఆడనిచ్చే చిన్న జట్టు వాడికి వెయ్యి రెట్లు మేలు. చదువు మాత్రం మాన్పించకండి. ఒళ్లు రెండేళ్లలో దానంతటదే వస్తుంది. ఈలోగా బలం లేని పిల్లాడు డిఫెండర్‌కి తగలకుండా ఎలా తప్పుకోవాలో నేర్చుకుంటాడు, ఒళ్లున్న పిల్లలకి ఆ విద్య చాలా ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ వచ్చి ఏడాది కాలేదు. తొమ్మిది మ్యాచ్‌లయ్యాయి, ఒక్క గోల్ లేదు. మ్యాచ్ అయ్యాక ఫోన్ తెరవాలంటేనే టెన్షన్. ఏం చేయాలి?

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు బాబూ. 2011 జనవరిలో చెల్సీ ఐదు కోట్ల పౌండ్లు పోసి ఫెర్నాండో టోరెస్‌ని కొంటే మొదటి గోల్‌కి ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది, ఆడిన నిమిషాలు లెక్కేస్తే 903. అప్పటికే అతను యూరో ఫైనల్‌లో గోల్ కొట్టినవాడు, ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నవాడు. 1999లో ఆర్సెనల్‌కి వచ్చిన తియెరీ ఆన్రీకి కూడా మొదట్లో వారాల తరబడి గోల్ పడలేదు, వింగర్‌ని (మైదానం అంచున ఆడేవాణ్ణి) తెచ్చి మధ్యలో ఆడిస్తారా అని విసుక్కున్నారు. అతను ఆ క్లబ్బుకి 228 గోల్స్ కొట్టి వెళ్లాడు.

ఇప్పుడు నీ సంగతి. గోల్స్ రావట్లేదా, అవకాశాలే రావట్లేదా? ఇవి రెండూ ఒకటి కాదు. బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద చతురస్రం) లోపల మ్యాచ్‌కి రెండు మూడు షాట్లు దొరుకుతుంటే, కీపర్ ఆపేసినా పోస్ట్‌కి తగిలినా, నువ్వు సరైన చోటే ఉన్నావన్నమాట, నిద్రపో. అసలు షాటే లేకపోతే నీ పరుగులో ఏదో తేడా ఉంది.

ఒక పని చెయ్యి. మీ మ్యాచ్ వీడియో పెట్టుకుని బంతిని వదిలేసి నిన్ను మాత్రమే చూసుకో. వింగర్ క్రాస్ వేయడానికి, అంటే అంచు నుంచి బంతిని గోల్ ముందుకి కొట్టడానికి, తల ఎత్తిన ఆ క్షణంలో నువ్వెక్కడున్నావు? చాలామంది కుర్రాళ్లు అప్పటికే గోల్ ముందుకి పరిగెత్తేసి, బంతి ఇంకా రాకపోవడంతో నిలబడిపోతారు. నిలబడిన ఫార్వర్డ్‌ని కాపలా కాయడం ఏ డిఫెండర్‌కైనా తేలికే. దానికి బదులు ముందు రెండడుగులు వెనక పోస్ట్ (వింగర్‌కి దూరంగా ఉన్న గోల్ స్తంభం) వైపు వెయ్యి, డిఫెండర్ వీపు వెనక్కి. అతను బంతినీ నిన్నూ ఒకేసారి చూడలేడు. నిన్ను వెతుక్కోవడానికి తల తిప్పాడా, బంతి పోతుంది. బంతినే చూశాడా, నువ్వు పోతావు. వింగర్ కాలు వెనక్కి లేచినప్పుడు డిఫెండర్ ముందునుంచి దగ్గరి పోస్ట్‌కి దూసుకెళ్లు. పదిసార్లు వెళ్తే ఎనిమిదిసార్లు బంతి రాదు, ఊరికే పరిగెత్తినట్టే ఉంటుంది. మన పనే అది. నేను ఆడే రోజుల్లో ఆ ఎనిమిది పరుగులకీ వింగర్ని తిట్టుకునేవాణ్ణి, వాడు తొమ్మిదోసారి నావైపు చూడటం మానేశాడు. ఆ తప్పు నువ్వు చెయ్యకు.

ఇంకోటి, ఒలివియే జిరూ. 2018 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ సెంటర్ ఫార్వర్డ్ అతనే, టోర్నీ మొత్తంలో గోల్ మీదికి ఒక్క షాట్ కూడా లేదు, ఫ్రాన్స్ కప్పు గెలిచింది. డిఫెండర్లని తన మీదికి లాక్కుని, ఎంబాపే, గ్రీజ్‌మాన్‌లకి చోటు తెరిచాడు కాబట్టే కోచ్ కదిలించలేదు. తర్వాత 57 గోల్స్‌తో ఫ్రాన్స్ రికార్డు కూడా అతని చేతికే వచ్చింది. ఈ మాట మీ కోచ్ దగ్గర సాకుగా మాత్రం వాడకు, నవ్వుతాడు.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ ఫీజు కోట్లలో అంటారు కదా, అదంతా ఆటగాడికేనా?

కాదు, అది క్లబ్బు నుంచి క్లబ్బుకి. ఆటగాడికి వచ్చేది కాంట్రాక్ట్‌లో రాసుకున్న జీతం, బోనస్సులు. కాంట్రాక్ట్ పూర్తిగా అయిపోతే పాత క్లబ్బుకి ఏమీ ఇవ్వకుండా వెళ్లొచ్చు, 1995లో బోస్మన్ అనే ఆటగాడు కోర్టుకెళ్లి సాధించిన హక్కు అది. అలా వెళ్లేవాడు కొత్త క్లబ్బుకి మిగిలిన ఆ ఫీజు డబ్బులో కొంత తనకి సంతకం బోనస్‌గా అడుగుతాడు. కాంట్రాక్ట్ మధ్యలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అమ్మితే, ఫీజులో 5 శాతం దాకా అతన్ని చిన్నప్పటి నుంచి తయారుచేసిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నియమం. చిన్న క్లబ్బులు నడిపేవాళ్లు పిల్లల రిజిస్ట్రేషన్ కాగితాలు పారేయొద్దనేది అందుకే.

ప్రశ్న: ముప్పై దాటిన ఫార్వర్డ్ పని అయిపోయినట్టే అని నేను, కాదని మా కొలీగ్. పందెం వేసుకున్నాం, తేల్చండి.

మీరే ఓడిపోయేలా ఉన్నారు. వార్డీ 23 గోల్స్‌తో ప్రీమియర్ లీగ్ గోల్డెన్ బూట్ (సీజన్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చేది) తీసుకుంది 2019–20లో, 33 ఏళ్లకి. రొనాల్డో వింగ్ మీద పరుగులు తగ్గించుకుని బాక్స్‌లోకి వచ్చేశాడు, అందుకే ఇంతకాలం నిలిచాడు. సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో 94 గోల్స్‌తో భారత జట్టుకి సెలవు చెప్పి, 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో తిరిగొచ్చి మాల్దీవుల మీద తలతో గోల్ కొట్టాడు.

కానీ శరీరం సహకరించాలి. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు మూడుసార్లు గెలిచిన మార్కో వాన్ బాస్టెన్ చీలమండ దెబ్బతో చివరి మ్యాచ్ ఆడేసరికి వయసు 28. వేగం మీదే బతికిన మైకేల్ ఓవెన్‌కి పందొమ్మిదేళ్లకే తొడ వెనక కండరం తెగింది, ఆ తర్వాత మునుపటి వేగం రాలేదు. సగం పందెం మీ కొలీగ్‌కి ఇచ్చేయండి.

ప్రశ్న: పెనాల్టీ మిస్సయ్యాక మళ్లీ తీసుకోవాలంటే భయం. ఏం ఆలోచించాలి?

ఎటు కొట్టాలో బంతి పెట్టేటప్పుడే అనుకోండి, పరిగెత్తేటప్పుడు మార్చుకోకండి. నాలుగింట మూడు ఎలాగూ లోపలికే వెళ్తాయి. 1994 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ ఫార్వర్డ్ రాబర్టో బాజియో కొట్టిన పెనాల్టీ బార్ మీదుగా పోయింది, కప్పు బ్రెజిల్‌కి వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత ప్రపంచకప్‌లోనే చిలీ మీద ఇటలీ ఒక గోల్ వెనకబడి, ఆట ముగియబోతుండగా పెనాల్టీ దొరికితే బంతి తీసుకుంది మళ్లీ ఆయనే. ఈసారి లోపలికే వెళ్లింది.