తెల్లకణాలు అన్ని ఉన్నా మూలకణాలు చాలలేదంటే లెక్క తప్పినట్టా?

మైలోమా అనే మజ్జ క్యాన్సరుకు చికిత్స పొందుతున్న మీ నాన్నగారికి తెల్లకణాలు 40 వేలు దాటినా, మార్పిడి కోసం రక్తం నుంచి చేసిన మొదటిరోజు సేకరణలో, రక్తకణాలను పుట్టించే మూలకణాలు కిలో బరువుకు 16 లక్షలే వచ్చాయని చెన్నై ఆసుపత్రివారు రెండోరోజూ యంత్రానికి కలిపారని, ఆ లెక్కను నమ్మవచ్చా అని ఒంగోలు నుంచి మీరు అడిగారు. నాది కావలి, చెన్నైలోని ఒక మూలకణ మార్పిడి విభాగపు ల్యాబ్‌లో చాలాకాలం ఈ లెక్కింపు పరీక్షే చేశాను.

మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పించడానికి ఇచ్చే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లతో పెరిగే తెల్లకణాల్లో అత్యధికం న్యూట్రోఫిల్స్ అనే ఒక రకమే కనుక, ఆ సంఖ్యను చూసి మూలకణాలను అంచనా వేయలేము. లెనాలిడోమైడ్ అనే మైలోమా మందును ఎక్కువకాలం వాడినవారిలో మూలకణాలు మజ్జను వదిలి రక్తంలోకి తక్కువగా వస్తాయి.

మూలకణం మైక్రోస్కోపులో దాదాపు లింఫోసైటు అనే మరో రకం తెల్లకణంలాగే కనబడుతుంది. అందువల్ల కణాల పైన ఉండే సీడీ34, సీడీ45 అనే గుర్తులకు అతుక్కునే, రంగు వెలుగునిచ్చే యాంటీబాడీలను నమూనాలో కలిపి, ఫ్లో సైటోమీటరులో ఒక్కొక్క కణాన్నీ లేజరు ముందు నడిపిస్తారు. సీడీ34 ఉండి, సీడీ45 మసకగా ఉండి, లోపల గుళికలు లేని కణాలనే లెక్కలోకి తీసుకోవాలన్నది 1996లో వెలువడిన ఇషేజ్ అనే లెక్కింపు పద్ధతి. చనిపోయిన కణాల్లోకి మాత్రమే చొరబడే 7-ఏఏడీ అనే రంగుతో వాటిని తీసివేస్తారు. సంఖ్య తెలిసిన సన్నని పూసలను కూడా అదే గొట్టంలో కలుపుతారు. ధాన్యపు రాశిలో లెక్కపెట్టిన ఎర్రగింజలు కలిపి, ఒక గుప్పెడు తీసి, రెండింటి నిష్పత్తిని బట్టి రాశిని అంచనా కట్టినట్టే ఇదీను. కనీసం 100 సీడీ34 కణాలు కనబడేదాకా యంత్రాన్ని ఆపకూడదు.

ఉదాహరణకు, మైక్రోలీటరుకు 480 కణాలున్న సంచి 200 మిల్లీలీటర్లయితే మొత్తం 9.6 కోట్లు, రోగి బరువు 60 కిలోలైతే కిలోకు 16 లక్షలు. మార్పిడికి కనీస అవసరం సాధారణంగా కిలోకు 20 లక్షలు. 40 నుంచి 50 లక్షలు ఉంటే వైద్యులు నిశ్చింతగా ఉంటారు. రెండు రోజుల సేకరణనూ కూడుకోవచ్చు. రెండోరోజుకు ముందు అవసరాన్ని బట్టి, మూలకణాలను మజ్జ నుంచి విడిపించే ప్లెరిక్సాఫర్ అనే మందు ఇవ్వడమూ ఉంది.

నా దృష్టిలో పొరపాటుకు ఎక్కువ అవకాశం యంత్రంలో కాదు, సంచిని బాగా కలపకుండా నమూనా తీయడంలోనూ, చిక్కని ద్రవాన్ని పిపెట్‌తో కొలవడంలోనూ ఉంటుంది. మూలకణాలు నిజంగా పెరుగుతాయో లేదో చూపే కాలనీ పరీక్షకు రెండు వారాలు పడుతుంది కాబట్టి, అది ఆనాటి నిర్ణయానికి అక్కరకు రాదు. మీకు అనుమానం తీరకపోతే బ్రతికివున్న సీడీ34 కణాలు మైక్రోలీటరుకు ఎన్ని, సంచి పరిమాణం ఎంత, ఏ బరువుతో భాగించారు అని ఆసుపత్రిలో అడగండి. ఈ మూడూ తెలిస్తే హెచ్చవేతలు మీరే చేసి చూసుకోవచ్చు.