కొత్త కెమెరా కోసం చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. చాలా ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫొటో, వీడియో చేస్తున్నాను. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. ఏడాదికి 30 పెళ్లిళ్ల దాకా దొరుకుతాయి, ఒక్కోదానికి సగటున 45 వేలు. అసిస్టెంట్లు, ఆల్బమ్‌లు, ఎడిటింగ్, పెట్రోలు అన్నీ పోను ఏడాదికి ఐదున్నర లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. పాప చదువు కోసం 3 లక్షల చిట్టీ వేశాను. 30 నెలలది, 12 నెలలు కట్టాను, డివిడెండ్ పోను నెలకు 8 వేలు పడుతోంది. నా దగ్గర సోనీ ఏ7 త్రీ ఉంది. రెండో కెమెరా అద్దెకు తెస్తున్నాను, రోజుకు 1,500, ఏడాదికి 40 రోజుల దాకా. ఇప్పుడు ఏ7 ఫైవ్ ప్రకటించారు. బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే), కార్డులు, బ్యాటరీ కలిపి 3 లక్షలు అనుకుంటున్నాను. చిట్టీ పాట పాడితే 60 వేలు పోయి 2,40,000 వస్తాయి, మిగతాది బ్యాంకులోంచి తీస్తాను. లేదంటే షాపు వాళ్లు 24 నెలల ఈఎంఐ పెడతామంటున్నారు. 10 వేలు కట్టి బుక్ చేసుకోమంటున్నారు. ట్యాక్స్‌లో కూడా తీసేసుకోవచ్చట. ఈ ఏడాది రెండు బుకింగ్‌లు కొత్త కెమెరాలున్న స్టూడియోకు పోయాయి. తీసుకోమంటారా?

జవాబు: ఈ నెలలో, ఈ చిట్టీ డబ్బుతో వద్దు. అలాగని మీకు ఇంకో కెమెరా అక్కర్లేదని కాదు. అక్కర ఉంది, మీ ఉత్తరంలోనే అది కనిపిస్తోంది.

మీరు అద్దెకు పెడుతున్నది ఏడాదికి 60 వేలు. మీ మనసులో నడుస్తున్న లెక్క నాకు తెలుసు. ఏ7 ఫైవ్ కొంటే అది మెయిన్ కెమెరా అవుతుంది, పాత త్రీ రెండో కెమెరా అవుతుంది, అద్దె మిగులుతుంది, ఐదేళ్లలో 3 లక్షలు తిరిగి వచ్చేస్తాయి. కాగితం మీద లెక్క కరెక్టే. షాపులో కూర్చుని ఇలా లెక్కేసుకునే చాలామంది కార్డు గీకేస్తారు. కానీ ఆ 60 వేలు మిగిలేది కొత్త మోడల్ వల్ల కాదు, రెండో బాడీ చేతిలో ఉండటం వల్ల. మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్ బాడీ ఒక లక్షా పదివేలకు దొరికినా ఆ అద్దె అంతే మిగులుతుంది, రెండేళ్లలోపే దాని ఖరీదు తిరిగి వస్తుంది. కాబట్టి అద్దెను పక్కన పెట్టి చూడండి. మిగిలిన 1,90,000 దేనికోసం పెడుతున్నట్టు? ఏ7 ఫైవ్ జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే.

దానికి జవాబు లేదని నేను అనను. అది మంచి కెమెరా. 2018లో వచ్చిన మీ త్రీకి 24 మెగాపిక్సెళ్లు, దీనికి 33. త్రీలో ఫోర్‌కే వీడియో సెకనుకు 30 ఫ్రేములతో ఆగిపోతుంది, స్లో మోషన్ కావాలంటే ఫుల్ హెచ్‌డీకి దిగాలి. ఫైవ్‌లో ఫోర్‌కే 60 ఫ్రేములు సెన్సర్ పూర్తి వెడల్పుతో వస్తాయి. సెకనుకు 30 ఫొటోలు తీస్తుంది. బటన్ పూర్తిగా నొక్కడానికి ఒక సెకను ముందరి ఫ్రేములు కూడా దాచి ఇస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురి మేనమామ అడ్డం వచ్చి ఫ్రేము పోయిన ఫొటోగ్రాఫర్‌కు ఆ సెకను విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. బారాత్‌లో స్లో మోషన్ అడిగేవాళ్లు కూడా ఉంటారు.

ఇక ఆల్బమ్ సంగతి. 12 బై 36 షీటు తెరిస్తే రెండు పేజీలు, ఒక్కో పేజీ 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటుకు 3,600 బై 5,400, అంటే కోటీ 94 లక్షల పిక్సెళ్లు కావాలి. మీ త్రీ ఇచ్చేది రెండు కోట్ల 40 లక్షలు. పేజీ నిండా ఒకే ఫొటో పెట్టినా, కొంచెం క్రాప్ చేసినా సరిపోతుంది. వాట్సాప్‌లో, రీల్స్‌లో చూసే బొమ్మకైతే రెండు మెగాపిక్సెళ్లు చాలు. మరి ఆ 9 మెగాపిక్సెళ్ల తేడా నర్సంపేటలోనో పరకాలలోనో సోఫాలో కూర్చుని ఆల్బమ్ తిప్పే పెళ్లికొడుకు తల్లికి కనిపిస్తుందా? ఆమెకు కనిపించేవి వెలుతురు, ముఖాలు, తమ చుట్టాలందరూ పడ్డారా లేదా అన్నదే. పెద్ద ఫైళ్ల భారం మాత్రం మీ మీదే పడుతుంది. మీ ఎడిటింగ్ సిస్టమ్ ఎన్నేళ్లదో రాయలేదు. కొత్త బాడీలు రికార్డు చేసే, రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్ వీడియోను పాత కంప్యూటర్ టైమ్‌లైన్ మీద మోయలేదు, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు సిస్టమ్ మార్చాలి, హార్డ్ డిస్కులు పెంచాలి. ఆ ఖర్చు మీ 3 లక్షల్లో లేదు.

పోయిన రెండు బుకింగ్‌ల గురించి ఒక పని చేయండి. ఆ రెండు ఇళ్లకూ ఫోన్ చేసి, మొహమాటం లేకుండా, “ఎందుకు అటు వెళ్లారో చెప్తే నేను బాగుపడతాను” అని అడగండి. డ్రోన్ కావాలన్నారా, హాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్ కావాలన్నారా, మర్నాటికే రీల్ ఇస్తామన్నారా, రేటు తక్కువన్నారా? మీరు వాళ్ల నోటి నుంచి వినకుండా కెమెరా మీద వేస్తున్నారు. ఇద్దరూ కెమెరా పేరే చెప్తే నాకు మళ్లీ రాయండి, లెక్క మారుతుంది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. మీ మిగులు ఐదున్నర లక్షల్లోంచి ఇంటి ఖర్చు 3,84,000, చిట్టీ 96 వేలు తీస్తే ఏడాదికి మిగిలేది 70 వేలు. బుక్ చేసే ముందు ఈ అంకెను ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

చిట్టీని చివరిదాకా ఉంచుకుంటే, కమీషన్ 5 శాతం అనుకున్నా 2,85,000 వస్తాయి. ఇప్పుడు పాడితే 2,40,000. అంటే తొందరపడినందుకు 45 వేలు వదులుకుంటున్నారు. ఎత్తిన తర్వాత కూడా 18 నెలలు కట్టాలి, పైగా షూరిటీల కోసం ఇద్దరు ముగ్గురిని బతిమాలాలి. వరంగల్‌లో చిట్టీ లేని ఇల్లు వెతకాలి, దాని మంచి నాకు తెలుసు. సీజన్ ఆదాయం ఉన్నవాళ్ల చేత క్రమంగా డబ్బు దాచించే దారి అది. అందుకే పాప చదువు పేరు మీద వేసిన చిట్టీని కెమెరా కోసం విరగ్గొట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. మీ భార్యతో ఈ మాట చెప్పారా? చెప్పకపోతే ముందు అది చేయండి.

ఈఎంఐ అయితే 14 శాతం వడ్డీకి నెలకు 14,400 పడుతుంది, రెండేళ్లలో వడ్డీ ఒక్కటే 45 వేలు దాటుతుంది. ఏడాదికి 1,72,800 కట్టాలి, మీ దగ్గర మిగిలేది 70 వేలు. వడ్డీ లేని ఈఎంఐ అంటారేమో. సున్నా వడ్డీ అన్నదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజులోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో అది ఎక్కడో దాగి ఉంటుంది. నగదు ధర ఎంత, ఈఎంఐ మొత్తం ఎంత అని రెండూ కాగితం మీద రాయించుకోండి, తేడా బయటపడుతుంది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది పంచాంగం. 2025 నవంబరు చివర్లో మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి నడిమి దాకా ఉంది. అంటే మేడారం జాతర అయిపోయాక కూడా ఇంకో రెండు వారాలు మీకు పెళ్లి పని లేదు. ఆ తర్వాత సీజన్ మొదలవుతుంది, కానీ ఈసారి వేసవిలో అధిక జ్యేష్ఠం వస్తోంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. జూలై నడిమి నుంచి ఆషాఢం. జనవరి నుంచి ఆగస్టు నడిమి దాకా ఏడున్నర నెలలు లెక్కేస్తే అందులో మూడున్నర నెలలు ముహూర్తాలు లేనివే. ఈఎంఐకి మూఢం ఉండదు, అయిదో తారీఖు రాగానే ఖాతాలోంచి లాగేస్తుంది. ఇలాంటి ఏడాదిలో బ్యాంకులో ఉన్న 1,10,000 లోంచి 60 వేలు తీస్తే మిగిలేది నెలన్నర ఇంటి ఖర్చు. అద్దె, స్కూలు ఫీజు, ఒక జ్వరం చాలు, నెలకు రెండు రూపాయల వడ్డీకి చేయి చాచాల్సి వస్తుంది. అది ఏడాదికి 24 శాతం.

ట్యాక్స్ మాట త్వరగా తేల్చేద్దాం. మీ టర్నోవర్ ఏడాదికి పదమూడున్నర లక్షలు. మీ స్థాయిలో చాలామంది పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపే పద్ధతిలో (పాత ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ) టర్నోవర్‌లో 8 శాతమో, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతమో లాభం చూపి రిటర్న్ వేస్తారు. ఆ పద్ధతిలో కెమెరా తరుగుదల అందులోనే కలిసిపోయినట్టు లెక్క, కొత్త కెమెరా కొన్నందుకు రూపాయి కూడా విడిగా తగ్గదు. పుస్తకాలు రాసి తరుగుదల చూపించేవారికైనా ఏడాదికి 15 శాతమే, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. సేవలకు 20 లక్షల లోపు టర్నోవర్ కాబట్టి మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండకపోవచ్చు. అలాగైతే 3 లక్షల బిల్లులో ఉన్న 18 శాతం జీఎస్‌టీ, దాదాపు 45,760, మీకు తిరిగి రాదు. ఇవి మీ రిటర్న్ వేసే ఆడిటర్‌ను ఒక్కసారి అడిగి ఖాయం చేసుకోండి, షాపు కౌంటర్‌లో మాత్రం వద్దు.

ఇక ఏం చేయాలో చెప్తాను.

ఏ7 త్రీ 2018 ఫిబ్రవరిలో, ఫోర్ 2021 అక్టోబర్‌లో, ఫైవ్ 2025 డిసెంబర్‌లో వచ్చాయి. ఒక్కో మోడల్‌కు దాదాపు నాలుగేళ్ల దూరం. ఇప్పుడు కొనకపోతే చేజారిపోయేది ఏమీ లేదు. పైగా కొత్తది వచ్చాక పెద్ద స్టూడియోల వాళ్లు ఫోర్‌లు, త్రీలు అమ్మకానికి పెడతారు, పాత బాడీల రేట్లు దిగుతాయి. ఓపిక పట్టినవాడికి లాభం అక్కడే. ఫిబ్రవరి నుంచి ప్రతి పెళ్లి డబ్బులోంచి 4 వేలు విడిగా ఒక ఖాతాలో వేయండి. 2 వేలు మీ మిగులు నుంచి, ఇంకో 2 వేలు రేటు 45 నుంచి 47 వేలకు పెంచి. ఇన్నేళ్ల పనికి ఆ 2 వేలు అడగడానికి మీరు వెనకాడకూడదు. 25 పెళ్లిళ్లకు లక్ష అవుతుంది. దసరా, కార్తీకం సీజన్ ముందు దాంతో రెండో బాడీ కొనండి. ఇంకో త్రీ అయితే రంగులు కలపడానికి ఎడిటింగ్‌లో తంటా ఉండదు. ఫోర్ దొరికితే 10 బిట్ వీడియో, ఫోర్‌కే 60 కూడా వస్తాయి, కాకపోతే ఆ 60 ఫ్రేముల్లో బొమ్మ వెడల్పు తగ్గుతుంది. రెండింటికీ మీ దగ్గరున్న బ్యాటరీలే పడతాయి.

కోఠికి వెళ్లినా, ఇక్కడ తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నా, బిల్లు మీది సీరియల్ నంబరు బాడీ మీది నంబరుతో కలుస్తుందా చూడండి. షట్టర్ కౌంట్, అంటే దాంతో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో చూడండి. త్రీ షట్టర్‌ను కంపెనీ రెండు లక్షల క్లిక్‌లకు పరీక్షించింది. రెండు లక్షలు దాటగానే ఆగిపోతుందని కాదు, కానీ లక్షా తొంభై దగ్గరున్నదాన్ని మంచి ధరకు కొనకూడదు. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 సెట్టింగ్ పెట్టి ఖాళీ ఆకాశం మీద ఒక ఫొటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీది మచ్చలు తెలుస్తాయి. రెండు కార్డు స్లాట్లూ పనిచేస్తున్నాయా చూడండి. మీ పాతదానికీ ఇదే పని చేసి, షట్టర్ మార్చాలంటే ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ తీసుకుని ఉంచుకోండి.

మీ ఉత్తరంలో కెమెరా గురించి పది వాక్యాలున్నాయి, మీకేమైనా అయితే ఇల్లు ఎలా నడుస్తుందో ఒక్క వాక్యం లేదు. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో అప్పగింతలు అయ్యాక రాత్రి రెండింటికి బైక్ మీద వచ్చే పని మీది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు సురక్షా బీమా, 436 రూపాయలకు జీవన్ జ్యోతి బీమా దొరుకుతాయి, రెండింటికీ రెండేసి లక్షల కవర్. ఈ వారమే చేయించండి, అవి మొదటి మెట్టు. ఆ తర్వాత 50 లక్షల టర్మ్ పాలసీకి కొటేషన్ తీసుకోండి. కెమెరాలకు కూడా దొంగతనం, పడి పగలడం కవర్ చేసే పాలసీ ఉంటుంది. ఫంక్షన్ హాల్లో బ్యాగు మాయమైతే ఆ రోజుతో పని ఆగిపోతుంది.

ఏ7 ఫైవ్ ఎప్పుడు కొనొచ్చు? పాప చిట్టీ ముట్టుకోకుండా, మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉండగా, కెమెరా ఖాతాలో సగం డబ్బు జమైన రోజున. ఇంకో షరతు కూడా ఉంది. మీ క్లయింట్లలో కనీసం నలుగురు ఫోర్‌కే స్లో మోషన్ ఫిల్మ్‌కు విడిగా డబ్బు ఇస్తామని అడ్వాన్స్ చేతిలో పెట్టాలి. అప్పటికి దసరా, దీపావళి ఆఫర్లు కూడా వచ్చి ఉంటాయి. బుకింగ్ 10 వేలు ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే, వెనక్కి ఇస్తారో లేదో రసీదు మీద ఏం రాసి ఉందో చూసుకుని రేపే షాపుకు వెళ్లి అడగండి.