రాస్తే హాయి, మానేస్తే మంట: మొలల ఆయింట్‌మెంట్ ఎన్నాళ్లు వాడొచ్చు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. టైలరింగ్ షాపు నడుపుతాను, పొద్దున కూర్చుంటే రాత్రికే లేవడం. ఏడాది కిందట మోషన్‌కి వెళ్లినప్పుడు మంట, దురద, ఒకటి రెండుసార్లు రక్తం కనిపించాయి. సిగ్గేసి ఇంట్లో కూడా చెప్పలేదు. మందుల షాపులో అడిగితే మొలలకని ఒక ట్యూబ్ ఇచ్చారు. రాసిన కాసేపటికే హాయిగా ఉండేది. అప్పటినుంచి తగ్గితే మానేయడం, వస్తే రాయడం. ఇప్పుడు మూడు నెలలుగా రోజూ రాయకపోతే దురద ఆగడం లేదు. అందులో స్టెరాయిడ్ ఉందని ఫార్మసీ చదివే మా మేనల్లుడు చెప్పాడు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. వెంటనే ఆపేయాలా? ఆపరేషన్ తప్పదా?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది నిజమే. ఆపాల్సిన మాటా నిజమే. కానీ ఆపరేషన్ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకండి, మొలలున్న వాళ్లలో ఎక్కువమందికి ఆ అవసరమే రాదు.

ముందు ఆ ట్యూబ్‌లో ఏముందో తెలుసుకోండి. మొలలకు రాసే ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో హైడ్రోకార్టిసోనో బెక్లోమెథాసోనో ఉంటుంది, అది స్టెరాయిడ్. దానితోపాటు లిగ్నోకైన్ గానీ సింకోకైన్ గానీ ఉంటుంది, అది మత్తుమందు. రాయగానే మీకు హాయిగా అనిపించేది ఈ రెండోదాని వల్ల. పన్ను పీకేముందు చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేదీ ఈ జాతి మందే, చర్మాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, గంటో రెండు గంటలో అయ్యాక దాని పని అయిపోతుంది. స్టెరాయిడ్ నెమ్మదిగా వాపునీ దురదనీ తగ్గిస్తుంది. ఈ రెండింటిలో ఏదీ మొలని కరిగించదు, రాలగొట్టదు. నొప్పి ఎక్కువగా ఉన్న నాలుగు రోజులు గట్టెక్కించడమే వాటి పని, అందుకే మేం రాసేటప్పుడు మామూలుగా ఒక వారం అని రాస్తాం. ఆ వారంలో విరేచనం మెత్తగా అయ్యేలా చూసుకోకపోతే ట్యూబ్ మీద ట్యూబ్ కొంటూనే ఉండాల్సి వస్తుంది.

ఇక మీ దురద సంగతి. నాకు వస్తున్న అనుమానం ఏమిటంటే, ఈ మూడు నెలల దురదకి కారణం మొలలు కాకపోవచ్చు, ట్యూబే అయ్యుండొచ్చు. స్టెరాయిడ్ రోజుల తరబడి రాస్తే అక్కడి చర్మం పల్చబడుతుంది, గుడ్డతో తుడిచినా గీసుకుపోయి రక్తం వస్తుంది. అది ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు కాబట్టి ఫంగస్ కూడా చేరుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి మరీ త్వరగా. పైగా మత్తుమందు, అందులోనూ సింకోకైన్, కొందరికి అలర్జీ తెస్తుంది. రాసిన చోట దద్దు, రసి కారడం, దురద మొదలవుతాయి, మనిషేమో మొలలు ముదిరాయనుకుని ఇంకాస్త ఎక్కువ రాస్తాడు. ఇలా ట్యూబ్ మానేస్తేనే తగ్గిన వాళ్లని నేను చాలామందిని చూశాను. మానేసిన కొద్దిరోజులు మంట, దురద పెరిగినట్టు అనిపించవచ్చు, అది చూసి భయపడి మళ్లీ ట్యూబ్ పట్టుకోకండి. సబ్బు, యాంటీసెప్టిక్ లోషన్ అక్కడ తగలనివ్వకుండా, ఉత్త నీళ్లతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో అద్ది (రుద్దకూడదు), ఏ మందూ లేని పెట్రోలియం జెల్లీ పల్చగా రాసుకోండి. ఈలోగా సర్జన్‌కి చూపించుకోండి, మీరు వాడిన ట్యూబ్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

చూపించుకోమని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అసలు మీకున్నది మొలలేనా అన్నది ఇంతవరకు ఎవరూ చూడలేదు. లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు, ఎర్రటి రక్తం చుక్కలు చుక్కలుగా పడుతుంది అంతే, ఎందుకంటే లోపలి పొరకి నొప్పి తెలిసే నరాలు ఉండవు. మోషన్ అయ్యేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టుండి, తర్వాత గంటా రెండు గంటలు మంట వదలకపోతే అది ఫిషర్, అంటే చీలిక. చీలికకి స్టెరాయిడ్ మందు కాదు. అక్కడ బిగుసుకుపోయిన కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్ ఇస్తాం, అది ఆరు నుంచి ఎనిమిది వారాలు మానకుండా వాడాలి. చూశారా, ఒక ట్యూబ్ వారం దాటకూడదు, ఇంకోటి వారంలో మానకూడదు. రెండింటినీ జనం మొలల ట్యూబ్ అనే అడుగుతారు, షాపులో ఏది చేతికొస్తే అది ఇస్తారు. ఉన్నట్టుండి బయట నీలంగా గడ్డలా లేచి కూర్చోలేనంత నొప్పి వస్తే మాత్రం ట్యూబ్‌తో కాలయాపన చేయకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది, మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే చిన్న కోతతో తీసేయొచ్చు.

డాక్టర్ చూసి మళ్లీ ఎప్పుడైనా వారం రోజులకి ఆయింట్‌మెంట్ రాస్తే, మోషన్ అయ్యాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి చాలు. కడిగి ఆరబెట్టుకున్నాక, శనగగింజంత తీసుకుని పైన పల్చగా రాయాలి. లోపలికి కూడా పెట్టమంటే ట్యూబ్‌తో వచ్చే సన్నటి గొట్టాన్ని బిగించి, దాని కొసకి కూడా కాస్త మందు పూసి, ఎడమవైపు తిరిగి పడుకుని మోకాళ్లు ముడిచి నెమ్మదిగా పెట్టాలి. పొడి గొట్టం గుచ్చితే ఉన్న పుండుకి ఇంకో పుండు తోడవుతుంది. తర్వాత గొట్టాన్ని కడిగి పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి అదే వాడకండి.

అసలు వైద్యం కంచంలో ఉంది. రోజూ తోటకూర, బీరకాయ, చిక్కుడు, జామకాయ, వీలైతే ఒకపూట జొన్నరొట్టె, వీటికి సరిపడా నీళ్లు. చాలకపోతే ఇసబ్గోల్ పొట్టు రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి, పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. రెండు మూడు రోజులకి గానీ పనిచేయదు, ఓపిక పట్టండి. నడుము లోతు గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే ట్యూబ్ లేకుండానే చాలా ఉపశమనం ఉంటుంది. షాపులో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ఫోన్ బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లకండి, ఐదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి, ముక్కుతూ కూర్చోవద్దు. ఇవన్నీ చేసినా రక్తం ఆగకపోతే, మొలకి రబ్బరు బ్యాండ్ వేసే చికిత్స ఉంది, అదేరోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒకే ఇంజెక్షన్‌తో రాలగొడతాం అని బస్టాండ్ దగ్గర బోర్డులు పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి. అలా వెళ్లి చీము పట్టి మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతుంది. నెల రోజులుగా మోషన్‌లో రక్తం పడుతోందిట, నొప్పి లేదు. డాక్టర్ దగ్గరికి రానంటోంది. మొలల ట్యూబ్ తెచ్చి ఇవ్వొచ్చా?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. ఈ వయసులో రక్తం పడితే అది మొలలేనని చూడకుండా అనుకోకూడదు, పెద్దపేగులో గడ్డలు, క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవ్వొచ్చు. కొలనోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించమంటే చేయించండి. అదీగాక కొన్ని మొలల ట్యూబుల్లో రక్తనాళాలని బిగించే ఫినైలెఫ్రిన్ ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు అడగకుండా వాడకూడదు. ఆవిడకి సిగ్గు అడ్డమైతే లేడీ సర్జన్ ఉన్న చోటు వెతకండి, లోపలికి మీరూ వెంట వెళ్లండి. ఈ మధ్య నీరసం, బరువు తగ్గడం, మలం నల్లగా రావడం ఉన్నాయేమో ముందే అడిగి తెలుసుకుని డాక్టర్‌కి చెప్పండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి, ఈ వారంలోనే.