స్లాట్ ఇచ్చారు సరే, కారు తలుపు తెరిచే చోటేది?

ప్రశ్న: ఒక నిర్మాణ కంపెనీ కడుతున్న కొత్త అపార్ట్‌మెంట్ సముదాయంలో ఫ్లాట్ కొన్నాం. మా వారు వెన్నెముకకు దెబ్బ తగిలి ఆరేళ్లుగా వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. బేస్‌మెంట్‌లో రెండు స్తంభాల మధ్య మాకు ఇచ్చిన పార్కింగ్ స్లాట్‌లో కారు పెడితే పక్కన వీల్‌చైర్ పట్టదు. దివ్యాంగుల స్లాట్ ఏదని అడిగితే, ఆ చట్టం మాల్స్‌కీ ఆఫీసులకీ గానీ ఇళ్లకు కాదని బిల్డర్ అంటున్నాడు. కావాలంటే పక్క స్లాట్ కూడా కొనుక్కోమంటున్నాడు. కాబోయే సంఘం పెద్దలేమో, మీకు ఇస్తే అందరూ అడుగుతారంటున్నారు. ఫ్లాట్ స్వాధీనం చేసుకోమని ఉత్తరం వచ్చింది. అక్యుపెన్సీ సర్టిఫికెట్ మాత్రం ఇంకా రాలేదట. మాకు హక్కు ఉందా? ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాటను చివర్లో చెప్పారు. అక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనంలో నివసించవచ్చని పురపాలక సంస్థ ఇచ్చేది, అందరూ ఓసీ అనేది, ఇంకా రాలేదన్నారు. ఇలాంటి గొడవతో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా సామాన్లు దించుకున్నాక వస్తారు. అప్పటికి బిల్డర్ ఇంకో సైట్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. మీరు సమయానికి అడిగారు. అందుకే ముందు ఒక పని చెబుతాను. స్వాధీన పత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఇళ్లు కొనేవారి రక్షణకు తెచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా చట్టం, 19(10) సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు ఫ్లాట్‌ను స్వాధీనం చేసుకోవాల్సింది ఓసీ వచ్చిన తర్వాత రెండు నెలల్లోగా. ఓసీ లేకుండా వచ్చిన ఉత్తరానికి మీరు తొందరపడాల్సిన పనిలేదు. ఒకవేళ పెట్టక తప్పకపోతే, ‘పార్కింగ్ విషయంలో అభ్యంతరం ఉంది’ అని ఆ కాగితం మీదే చేత్తో రాసి, కింద సంతకం చేసి, ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక బిల్డర్ చెప్పిన మాట. అందులో కొంత నిజం ఉంది, అందుకే అది వినడానికి బాగుంటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో పక్కపక్కనే రెండు సెక్షన్లున్నాయి. 45వ సెక్షన్ అప్పటికే కట్టి ఉన్న భవనాల గురించి. అక్కడ ‘పబ్లిక్ బిల్డింగ్’ అన్న మాట వాడారు. అంటే ప్రజలు వచ్చిపోయే ఆసుపత్రులు, బడులు, దుకాణాలు, కోర్టులు, స్టేషన్ల వంటివి, అవి ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా సరే. బిల్డర్ చదివింది, లేదా ఆయన లాయరు చదివి వినిపించింది ఇదే. కానీ మీది కొత్త కట్టడం. కొత్తవాటికి వర్తించేది 44వ సెక్షన్. అందులో ‘పబ్లిక్ బిల్డింగ్’ అన్న మాటే లేదు. కేంద్రం చేసిన సౌలభ్య నియమాలకు ప్లాను లోబడి లేకపోతే ఏ ‘ఎస్టాబ్లిష్‌మెంట్’‌కూ ‘ఏ కట్టడానికీ’ అనుమతి ఇవ్వకూడదని ఉంది. ఆ నియమాలు పాటించకపోతే పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, భవనంలోకి ప్రవేశించనివ్వకూడదు అని కూడా ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే ఎవరో అదే చట్టం చెప్పింది: ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటు కంపెనీ, ఫర్మ్, సహకార సంఘం, సొసైటీ, ట్రస్టు. మీ బిల్డర్ కంపెనీ కనుక ఆ మాటలోకి వస్తాడు. చట్టసభ ఒక సెక్షన్‌లో ‘పబ్లిక్ బిల్డింగ్’ అని రాసి, దాని ముందు సెక్షన్‌లో ‘ఏ కట్టడమైనా’ అని రాసిందంటే ఆ తేడా కావాలనే పెట్టిందన్నది నా వాదన. కోర్టులో నిలబడి నేను వాదించేదీ అదే.

అయితే ఈ ఒక్క సెక్షన్ మీదే మీ ఫిర్యాదంతా నిలబెట్టకండి. కారణం చెబుతాను. 44వ సెక్షన్ ప్రాణమంతా కేంద్రం చేసే నియమాల్లో ఉంది. 2017 నాటి నియమాల్లో 15వది ఈ ప్రమాణాలను ఒక మార్గదర్శక పుస్తకానికి వదిలేసింది. ఆ పుస్తకం నిండా ‘చేయవచ్చు’, ‘చేస్తే మంచిది’ అన్న ధోరణే. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం సలహాగా మార్చకూడదంటూ 15(1) నియమం చట్టానికి విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. అవి వచ్చాక వాటిని పాటించనివారికి కట్టడం పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఆపడం, జరిమానా వేయడం కచ్చితంగా జరగాలని కూడా చెప్పింది. ఈ తీర్పు మొదటి వాక్యం మాత్రం చూపించి ‘నియమాన్నే కొట్టేశారు కదా’ అనే లాయర్లున్నారు. కోర్టు నియమాన్ని కొట్టేసింది అది మెతకగా ఉందని. కఠినంగా ఉందని కాదు. మీరు ఫిర్యాదు రాసే రోజున అమల్లో ఉన్న నియమం ఏదో చూసుకుని, దాని నంబరే ఉదహరించండి.

మీకు ఇంకా గట్టి ఆధారం మరోచోట ఉంది. అది మీ రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు, వాటి కింద మంజూరైన ప్లాను. కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన 2016 నాటి భవన ఉపవిధుల్లో, జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో దివ్యాంగుల సౌకర్యాలకు విడిగా భాగాలున్నాయి. నమూనా ఉపవిధుల్లో పార్కింగ్ గురించిన మాట సూటిగా ఉంటుంది. ప్రవేశ ద్వారానికి దగ్గర్లో రెండు కార్లకు చోటు ఉండాలి. అక్కడి నుంచి భవన ప్రవేశానికి దూరం 30 మీటర్లు మించకూడదు. స్లాట్ వెడల్పు కనీసం 3.6 మీటర్లు ఉండాలి. వీల్‌చైర్ వాడేవారికి కేటాయించినదని కనబడేలా బోర్డు పెట్టాలి. వీటిని ఏ రాష్ట్రం ఎంతమేర తన నియమాల్లోకి తీసుకుందో, ఏ పరిమాణం దాటిన భవనాలకు వర్తింపజేసిందో చూడాలి. మీ ప్లాను మంజూరైన తేదీన ఉన్న నియమమే మీకు లెక్క. ఆ తర్వాత వచ్చిన సవరణ కాదు.

ఈ 3.6 మీటర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే బోర్డు పెట్టి, నేల మీద నీలిరంగు వీల్‌చైర్ బొమ్మ వేసి, ‘ఇదిగో మీ స్లాట్’ అని చూపించేవాళ్లను చాలామందిని చూశాను. మామూలు స్లాట్ వెడల్పు రెండున్నర మీటర్ల దగ్గర ఉంటుంది. ఒక మోస్తరు కారు వెడల్పు 1.75 మీటర్లు అనుకోండి. మిగిలేది ముప్పావు మీటరు, అదీ రెండు పక్కలా కలిపి. కారును ఒక గోడకు ఆనించి పెట్టినా మిగిలిన ఆ 75 సెంటీమీటర్లలోనే తలుపు తెరుచుకోవాలి, వీల్‌చైర్ రావాలి, మనిషి కారులోంచి కుర్చీలోకి మారాలి. కుర్చీ ఒక్కటే 65 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. తలుపు తెరిచాక దానికి చోటు లేదు. 3.6 మీటర్లయితే కారు పోగా 1.85 మీటర్లు మిగులుతాయి. చట్టం అడిగేది ఈ అదనపు మీటరు చిల్లరనే. రంగు, బోర్డు ఆ తర్వాత. ఇంకో స్లాట్ కొనుక్కోమన్న సలహా ఇక్కడే తేలిపోతుంది. మీ రెండు స్లాట్ల మధ్య స్తంభం ఉంటే పది స్లాట్లు కొన్నా తలుపు తెరుచుకోదు. యంత్రంతో పైకీ కిందికీ తిరిగే పార్కింగ్‌లో చోటు చూపిస్తే దాన్నీ ఒప్పుకోకండి.

అమ్మకం విషయానికి వస్తే, అసలు అమ్మే హక్కు అతనికి ఉందా? రెరా చట్టం 2(ఎన్) సెక్షన్‌లో ఉమ్మడి స్థలాల జాబితా ఉంది. ఉమ్మడి బేస్‌మెంట్లు, ఓపెన్ పార్కింగ్ అందులో ఉన్నాయి. విడిగా అమ్మదగ్గది గ్యారేజీ. గ్యారేజీ అంటే పైన కప్పు, మూడు వైపులా గోడలు ఉన్నది. రెండు స్తంభాలూ, నేల మీద తెల్ల గీతా గ్యారేజీ కావు. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులోనూ సుప్రీంకోర్టు, ఓపెన్ పార్కింగ్‌నూ భవనం కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌నూ ప్రమోటర్, అంటే బిల్డర్, విడి యూనిట్లుగా అమ్ముకోలేడని చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు కనుక బిల్డర్ ఆ తేడా ఎత్తి చూపొచ్చు. అయినా రెరా నిర్వచనం మీ పక్షానే ఉంది.

ఈ వాదనకు మీకు అంతగా నచ్చని రెండో వైపు కూడా ఉంది. దివ్యాంగుల స్లాట్ ఉమ్మడి స్థలమైతే అది మీ పేరున రిజిస్టర్ కాదు. రేపు అదే సముదాయంలో వీల్‌చైర్ వాడే మరొకరు దిగితే, వారికీ అంతే హక్కు. కాబట్టి ‘మా స్లాట్ మాకివ్వండి’ అని అడగకండి. ‘ప్లానులో ఉన్న దివ్యాంగుల స్లాట్లను నిర్ణీత కొలతలతో కట్టి, అవసరమున్న నివాసికి కేటాయించండి, మా మామూలు స్లాట్ తిరిగి తీసుకోండి’ అని అడగండి. ‘మీకు ఇస్తే అందరూ అడుగుతారు’ అన్న పెద్దలకు కూడా దీంతో జవాబు దొరుకుతుంది. అడగగలిగేది అవసరం ఉన్నవాళ్లే. మీరు ఎక్కువ తీసుకోవడం లేదు, మార్చుకుంటున్నారు. మీ వారి దివ్యాంగ ధ్రువపత్రం, అది సదరం సర్టిఫికెట్ అయినా యూడీఐడీ కార్డైనా, నకలు జతచేయండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు మంజూరైన ప్లాను చేతికి రావాలి. మీరు కొనుగోలుదారు కనుక రెరా 19(1) సెక్షన్ కింద అది అడిగి తీసుకునే హక్కు మీది. ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా సాధారణంగా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉంటే ప్లాను రెరా వెబ్‌సైట్‌లోనే దొరకాలి. లేదంటే పురపాలక సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, వాళ్లకు గడువు 30 రోజులు. కానీ మీకు ఓసీ గడియారం తిరుగుతోంది కాబట్టి ఆ 30 రోజుల కోసం ఆగకుండా మిగతా పనులు మొదలుపెట్టండి.

ప్లానులో దివ్యాంగుల స్లాట్ గీసి ఉండి, సైట్‌లో లేకపోతే మీ పని సగం అయినట్టే. ఆ చోట జనరేటరో, కాపలాదారు గదో, అమ్మేసిన మరో స్లాటో ఉంటుంది. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టాలని రెరా 14వ సెక్షన్ చెబుతోంది. ఉమ్మడి స్థలాల్లో మార్పులకు కనీసం మూడింట రెండొంతుల కొనుగోలుదారుల రాతపూర్వక అంగీకారం కావాలి. బ్రోచర్‌లో ‘దివ్యాంగులకు అనుకూలం’ అని రాసి ఉంటే దాన్ని పారేయకండి, తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవారికి 12వ సెక్షన్ కింద పరిహారం ఉంది. 31వ సెక్షన్ కింద రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ప్లానులోనే స్లాట్ లేకపోతే దారి కాస్త బరువవుతుంది. అప్పుడు తప్పు బిల్డర్‌ది ఒక్కడిదే కాదు, అనుమతి ఇచ్చిన అధికారిది కూడా. మంజూరు నాటి నియమాలు స్లాట్‌ను తప్పనిసరి చేసి ఉంటే, ఆ ప్లానుకు ఓసీ ఇవ్వవద్దని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి.

పురపాలక కమిషనర్‌కు అభ్యంతర పత్రం మాత్రం రెండు సందర్భాల్లోనూ వెళ్లాలి, అదీ ఈ వారంలోనే. దివ్యాంగుల హక్కుల చట్టం 44(2) సెక్షన్, రాష్ట్ర నియమం, మీరు టేపుతో కొలిచిన అంకెలు, టేపు కనబడేలా తీసిన ఫొటోలు అందులో పెట్టండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. ఆ పత్రం ఫైలులో ఉండగా ఓసీ మీద సంతకం పెట్టే అధికారికి తెలియదనే సాకు ఉండదు. దాని నకలు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపండి. ఆ కమిషనర్‌కు విచారణలో సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన ఇచ్చేది సిఫారసే అయినా, అందుకున్న అధికారి మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో ఆయనకూ మీకూ రాసివ్వాలి. ఆ కారణం కాగితం మీదకి వచ్చాక హైకోర్టులో రిట్ వేయడం తేలిక. దివ్యాంగుల హక్కుల చట్టం 89వ సెక్షన్ కింద జరిమానా మొదటిసారికి పది వేల రూపాయల వరకే. మళ్లీ చేస్తే యాభై వేలకు తగ్గకుండా ఐదు లక్షల వరకు. బిల్డర్‌కు ఆ పది వేలు లెక్కలోకి రావు. ఓసీ ఆగితే మిగతా ఫ్లాట్ల వాళ్లందరూ అతని మీద పడతారు, అది లెక్కలోకి వస్తుంది.

వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది, రెండేళ్ల గడువుతో. మీ విషయంలో నేను మొదట అటు వెళ్లను. అక్కడ పరిహారం రావొచ్చు గానీ స్లాట్ వచ్చేసరికి చాలా కాలం పడుతుంది.

కొలతలు తీసేటప్పుడు స్లాట్‌తో ఆగకండి. అక్కడి నుంచి లిఫ్టు తలుపు దాకా మీ వారి కుర్చీని ఒకసారి నడిపి చూడండి. బేస్‌మెంట్‌లో లిఫ్టు ముందు నీళ్లు రాకుండా అరడుగు ఎత్తు గట్టు కట్టి వదిలేసిన చోట్లు బోలెడు. ఆ గట్టు ఉంటే 3.6 మీటర్ల స్లాట్ ఇచ్చినా ఆయన ఇంటికి చేరలేరు. దానికి ర్యాంపు కావాలి. వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు, అంటే అరడుగు గట్టుకు ఆరడుగుల ర్యాంపు. గట్టు ఎత్తు ఎంతో, దాని ముందు ఖాళీ ఎంత ఉందో కూడా కొలిచి అదే అభ్యంతర పత్రంలో రాయండి.