గుంపుతో సైకిల్ తొక్కాలంటే గుండె దడ

ఈసారి వచ్చిన సైకిల్ ఉత్తరాల్లో మూడింటిది ఒకటే గోడు. అందుకే మిగతావి వచ్చే నెలకి ఆపాను. మొదటి జవాబు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నగారూ, మాది పలాస. పెళ్ళయి బరంపురం వచ్చి ఆరేళ్ళయింది. కిందటేడు గేర్ సైకిల్ కొనుక్కున్నాను, వారానికి మూడు రోజులు పొద్దున్నే ఒక్కదాన్నే గోపాలపూర్ బీచ్ దాకా వెళ్ళి వస్తాను. ఇక్కడ ఆదివారాలు వెళ్ళే గ్రూప్ ఒకటుంది, మా ఆఫీసులో ఒకాయన నాలుగు నెలల నుంచి రమ్మంటున్నాడు. రెండుసార్లు అలారం పెట్టుకుని లేచాను, బూట్లు వేసుకున్నాను, తీరా వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. వాళ్ళంతా టైట్ డ్రెస్సుల్లో రోడ్ బైకుల మీద ఉంటారు. నేను వెనకబడితే నాకోసం అందరూ ఆగాలి కదా అని ఒక టెన్షన్, అంత దగ్గరదగ్గరగా తొక్కుతుంటే ఎవర్నైనా గుద్దేస్తానేమో అని ఇంకో టెన్షన్. పైగా నా ఒడియా అంతంతమాత్రం. ఏం చెయ్యమంటారు?
ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చెల్లెమ్మా, మీరు రెండు భయాలు రాశారు, విడివిడిగానే రాశారు, కానీ మోసేటప్పుడు మాత్రం రెంటినీ ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకున్నారు. వెనకబడిపోతాననేది భయం కాదు, సిగ్గు. గుద్దేస్తానేమో అనేదే అసలు భయం, అది న్యాయమైన భయం, అది లేనివాడి వెనక నేనైతే తొక్కను. సిగ్గుకి ఒక ఫోన్ చాలు. భయానికి మాత్రం మూడు నాలుగు ఆదివారాల సాధన కావాలి.

ముందు ఫోన్ సంగతి. మీ ఆఫీసాయన్ని కాదు, గ్రూప్ నడిపే మనిషిని అడగండి. ఎంత దూరం, ఎంత స్పీడు, వెనకబడినవాళ్ళ కోసం ఆగుతారా, ఆగితే ఎక్కడ. కొన్ని గ్రూపులు ఎవర్నీ వదలవు, కొన్ని వదిలేస్తాయి, ముందే చెప్పి వదిలేస్తే అందులో తప్పేం లేదు, వాళ్ళ రైడ్ అలాంటిది, అంతే. చెప్పకుండా వదిలేసే గ్రూపుకి మాత్రం మళ్ళీ వెళ్ళకండి. స్పీడు చెప్పినప్పుడు అది సగటా, మామూలుగా తొక్కే స్పీడా అని కూడా అడగండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సగటు 22 అన్నారంటే, ఊరు దాటేదాకా నెమ్మదిగా వెళ్ళేది, ఆవులకీ మలుపులకీ తగ్గించేది అన్నీ అందులో కలిసి ఉంటాయి కాబట్టి, ఖాళీ రోడ్డు మీద వాళ్ళు 26 లోనో 27 లోనో ఉంటారు.

అలాగని బెదిరిపోకండి. మీరు ఒక్కరే గోపాలపూర్ వెళ్ళిరావడమంటే 30 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం మీరు 20 సగటుతో తొక్కగలిగితే, గుంపులో అదే ఆయాసంతో 22, 23 వస్తుంది. మాయ ఏం లేదు. పాతిక స్పీడు దగ్గరికి వచ్చేసరికి మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది, ముందువాడి వెనక సరిగ్గా ఒదిగితే మన శ్రమలో నాలుగో వంతు దాకా వాడే మోస్తాడు. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. ఎండాకాలంలో ఒకసారి బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్ళి చూడండి, నైరుతి గాలి ఎదురుగా మొహాన కొడుతుంటే పాతిక కిలోమీటర్లు యాభైలా ఉంటాయి. ఆ రోజు ముందొక వీపు కనిపిస్తే చాలు, అది ఎవరిదైనా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వెనకబడటం గురించి ఇంకొక్క మాట. టూర్ డి ఫ్రాన్స్‌లో అందరికంటే ఆఖరున వచ్చేవాణ్ణి ఫ్రెంచి వాళ్ళు ఎర్ర లాంతరు అంటారు, రైలు ఆఖరి పెట్టె వెనక వేలాడే ఎర్ర దీపం పేరు మీదుగా. మీ స్టేషన్‌లో హౌరా నుంచి మద్రాసు పోయే బళ్ళకి రోజూ చూస్తారుగా, ఆ దీపం దాటితేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క. నా మొదటి రైడ్‌లో ఆ దీపం నేనే. సిగ్గుపడి మొదటి పది కిలోమీటర్లు అందరికంటే ముందు ఎగిరాను, తప్తపాణి ఘాట్ మొదలయ్యేసరికి పిక్కలు పట్టేసి కల్వర్టు మీద కూలబడ్డాను. పదిహేను నిమిషాల తరవాత గుంపులో పెద్దాయన ఒకాయన మెల్లగా ఎక్కుతూ వచ్చి, ఆగి, ఏమీ అడక్కుండా అరటిపండు వలిచి చేతిలో పెట్టాడు. అప్పుడు తెలిసింది, నేను మొదటున్నానా చివరున్నానా అని పొద్దుట్నుంచీ ఎవరూ చూడలేదని. అందరూ వాళ్ళ వాళ్ళ పిక్కల గొడవల్లో ఉన్నారు.

ఇప్పుడు అసలు భయం. గుద్దడం అంటే మీ ముందు చక్రం, ముందువాడి వెనక చక్రం తగలడం. తగిలితే పడేది ముందువాడు కాదు, మీరు. ఎందుకంటే సైకిల్ నిలబడేది ముందు చక్రాన్ని అటూఇటూ తిప్పుకుంటూ ఉండటం వల్ల, ఆ తిప్పుడు ఒక్క క్షణం ఆగితే మనిషి పక్కకి ఒరిగిపోతాడు. కాబట్టి ఒకటే నియమం, మీ ముందు చక్రం ఎప్పుడూ అతని వెనక చక్రానికి వెనకే ఉండాలి, పక్కకి చొరబడకూడదు. అతను గొయ్యి తప్పించడానికి ఒక జానెడు పక్కకి జరిగితే చాలు, చొరబడినవాడు కింద ఉంటాడు.

దీన్ని గుంపులో నేర్చుకోవాలనుకోకండి. మీ ఆఫీసాయన్ని ఒక ఆదివారం ఒక్కడినే రమ్మనండి, లేదా మీవారికి సైకిల్ వస్తే ఇంకా మంచిది. పొద్దున్నే ఖాళీగా ఉండే కాలనీ రోడ్డు చూసుకోండి. ముందు రెండు సైకిళ్ళ దూరంలో వెనక తొక్కండి. అది అలవాటయ్యాక ఒక సైకిల్ దూరం. చక్రం దూరానికి రావాలన్న తొందర అస్సలు వద్దు, ఒక సైకిల్ దూరంలో కూడా గాలి బాగానే ఆగుతుంది. చూపు ముందువాడి చక్రం మీద పెట్టారా, అయిపోయింది, పది నిమిషాల్లో చెయ్యి బిగుసుకుపోతుంది. అతని భుజాల మీదుగా రోడ్డు చూడండి, చక్రం కంటి అడుగున దానంతటదే కనిపిస్తూ ఉంటుంది. దగ్గరైపోతున్నాననిపిస్తే బ్రేక్ పట్టకండి, తొక్కడం ఆపి నడుము నిటారుగా చెయ్యండి. మీ ఛాతీకి తగిలే గాలే మిమ్మల్ని మెల్లగా వెనక్కి లాగుతుంది, వెనకున్నవాడికి గుండె ఆగదు. ఇంకొకటి, ఎవరూ చెప్పరు కానీ చెప్పాల్సింది. ముందువాడు సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టగానే అతని సైకిల్ ఒక్క క్షణం వెనక్కి వచ్చినట్టవుతుంది. ఎత్తు కనిపిస్తే ముందే కాస్త దూరం జరగండి.

ఒక్కరే చేసుకునే సాధన కూడా ఉంది. రోడ్డు అంచు తెల్లగీత మీద తొక్కుతూ కుడిభుజం మీదుగా వెనక్కి చూసి, మళ్ళీ ముందుకి చూసినప్పుడు గీత మీదే ఉన్నారా? మొదట్లో ఉండరు. ఒంటిచేత్తో సీసా తీసి తాగి మళ్ళీ పెట్టేటప్పుడు? అదీ అంతే. ఈ రెండూ వంకర పోకుండా వచ్చేశాయంటే గుంపులో మీ పక్కనున్నవాడు నిశ్చింతగా ఉంటాడు.

ఎక్కడ ఉండాలి? కొత్తవాళ్ళందరూ తోకకి పోతారు, ఎవరికీ అడ్డు కాకుండా ఉందామని. తప్పు చేస్తారు. గుంపు తోక రబ్బరులా సాగుతుంది, మలుపు దగ్గర ముందువాళ్ళు మెల్లగా తిరిగి మళ్ళీ అందుకుంటారు, తోకలో ఉన్నవాళ్ళు మాత్రం ప్రతిసారీ పరిగెత్తినట్టు తొక్కి కలవాలి. నలుగురి తరవాత, నిలకడగా తొక్కే మనిషి వెనక ఉండండి. ఎవరు నిలకడగా తొక్కుతారో మీ ఆఫీసాయనకి తెలుస్తుంది. ముందుకి వెళ్ళి గాలి కాయాల్సిన వంతు వస్తే, ఈసారికి రానని చెప్పెయ్యండి, ఎవరూ ఏమనుకోరు.

ఒడియా గురించి దిగులొద్దు. రోడ్డు మీద వినాల్సినవి రెండు మూడు మాటలే. ‘గాత’ అంటే గొయ్యి, ‘ధీరే’ అంటే మెల్లగా, ‘పఛరే గాడి’ అంటే వెనక బండి వస్తోందని. మిగతాది చెయ్యి చూసి అర్థం చేసుకోవడమే, ముందువాడు కిందికి వేలు చూపిస్తే అక్కడ గొయ్యి ఉంది, మీరూ అలాగే చూపించండి, ఆ కబురు తోక దాకా పోవాలి. మీరు కంగారులో తెలుగులో అరిచినా పర్లేదు, బరంపురంలో తెలుగు అర్థంకాని మనిషి దొరకడం కష్టమే.

డ్రెస్సు: మెత్తలున్న షార్ట్ లోపల వేసుకుని పైన వదులు ట్రాక్ ప్యాంటు వేసుకోండి, కుడికాలి ప్యాంటు అంచుకి మాత్రం ఒక రబ్బరు బ్యాండు బిగించండి, చెయిన్ ఉండేది ఆ వైపే. చున్నీ ఇంట్లో పెట్టి రండి. హెల్మెట్ తప్పనిసరి. ఒక స్పేర్ ట్యూబు, టైర్ లివర్లు, చిన్న పంపు కూడా ఉంచుకోండి, వెయ్యడం రాకపోయినా సరే, ఉంటే వేసేవాళ్ళు దొరుకుతారు.

మొదటిసారికి వాళ్ళని గోపాలపూర్ రైడ్‌కే అడగండి. ఆ రోడ్డు మీకు గొయ్యి గొయ్యీ తెలుసు, విడిపోయినా ఇంటికి రాగలరు, ముందే ‘బీచ్ దాకా వస్తాను, వెనక్కి నా అంతట నేను వచ్చేస్తాను’ అని చెప్పేస్తే ఎవరూ మీకోసం ఆగుతున్నారన్న బరువు కూడా ఉండదు. ఎన్‌హెచ్ 16 మీదికి మొదటి నెలలో వెళ్ళకండి, లారీ పక్కనుంచి దూసుకుపోతే గాలి ముందు తోసి తరవాత లాగుతుంది, గుంపులో అది అలవాటు లేనివాళ్ళకి మంచిది కాదు. కోతలయ్యాక పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కదా, వాటి చుట్టూ హద్దుగా రాళ్ళు పెడతారు, పొద్దుటి మసక వెలుతురులో ఆ రాళ్ళు కనపడవు. గాత కంటే అవే ప్రమాదం.

ప్రశ్న: నాకు 57 ఏళ్ళు, రిటైరయ్యాను, బీపీ మాత్ర వేసుకుంటాను. కుర్రాళ్ళ గ్రూపులో చేరాలని ఉంది, నవ్వుతారేమోనని మానేస్తున్నాను.
ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, ముందు మీ డాక్టరుకి ఈ మాట చెప్పండి, గుండె పరీక్షలు అవసరమంటే చేయించుకోండి, నేను రాసేది ఆ తరవాతి సంగతి. తొక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆయాసపడకుండా మాట్లాడగలిగినంత స్పీడే మీ స్పీడు. మాట తెగుతోందంటే తగ్గించండి, పక్కనున్న కుర్రాడు ఎంతలో పోతున్నాడో మీకనవసరం.

నవ్వుతారా అంటారా? దూరప్రయాణపు సైకిలిస్టులు బ్రెవే అని తొక్కుతారు, ఫ్రాన్స్‌లో పుట్టిన పద్ధతి, మన దేశంలో కూడా బాగానే నడుస్తోంది. అందులో 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. టీలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ అందులోనే. లెక్క వేస్తే గంటకి 15 కూడా పడదు. మొదటెవరొచ్చారన్నది అక్కడ లెక్కే కాదు, గడువులోపు వచ్చిన అందరూ సమానమే. నెరిసిన తలలు అందులో బోలెడు కనిపిస్తాయి.

కుర్రాళ్ళ గ్రూపు కుదరకపోతే మీరే ఇద్దర్ని పోగుచెయ్యండి. రాష్ట్రం దాటినా పాతపట్నం మీకు పక్క వీధి లాంటిదే, పొద్దున్నే వెళ్ళి అక్కడ టీ తాగి ఎండెక్కకముందే ఇంట్లో ఉండొచ్చు. ముగ్గురున్నా గ్రూపే.

ప్రశ్న: మొన్న మొదటిసారి గ్రూప్ రైడ్‌కి వెళ్ళాను సార్. నా ముందున్న సీనియర్ ఒకాయన అందరి ముందూ నా మీద గట్టిగా అరిచాడు, దగ్గరికి రావద్దని. నా బ్రేకులు సరిగ్గా పడటం లేదని ఆయనకేం తెలుసు? ఇంక ఆ గ్రూపుకి వెళ్ళను.
ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: తమ్ముడూ, పైన చెల్లెమ్మకి రాసిన చక్రాల నియమం ఒకసారి చదువు. నువ్వు ఆయన వెనక చక్రం పక్కకి చొరబడ్డావేమో అని నా అనుమానం, అరిచింది కూడా అందుకే అయ్యుంటుంది. రోడ్డు మీద మెల్లగా బతిమాలే టైముండదు. అందరి ముందూ అరవడం బాగోలేదు, నిజమే, రైడ్ అయ్యాక పక్కకి పిలిచి చెప్పాల్సింది. నువ్వు కూడా రైడ్ అయ్యాక టీ కొట్టు దగ్గర ఆయన్నే వెళ్ళి అడగాల్సింది, ‘ఏం తప్పు చేశాను భాయ్’ అని. ఇప్పటికీ అడగొచ్చు, ఫోన్ నంబరు ఉంటుందిగా.

కానీ బ్రేకులు పడకుండా గుంపులోకి వెళ్ళావే, ఆ వాక్యం నువ్వు ఎంత తేలిగ్గా రాశావో చదివి నాకు చెమట పట్టింది. రాయగడ చుట్టూ అన్నీ దిగుడు రోడ్లే. ఈ పుస్తకం పక్కన పెట్టి సైకిల్ షాపుకి వెళ్ళు, ప్యాడ్లు అరిగాయేమో, కేబుల్ సాగిందేమో చూపించి మార్పించుకుని రా.